టాపెట్లు లేని బండి

మా ఆయన ఇంజన్‌ను చెవితో చూస్తాడు. కర్ర పిడి ఉన్న పొడవాటి స్క్రూడ్రైవర్ ఒకటి ఉంది ఆయనకు. దాని మొనను నడుస్తున్న ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి నొక్కిపెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. బండి తెచ్చినవాళ్ళు ఏదో చెప్పబోతే ఆగమని చేయి ఎత్తుతాడు. కాసేపు అక్కడా ఇక్కడా ఆనించి విని, మూడో సిలిండర్ టాపెట్ లూజైందనో, డైనమో బేరింగ్ పోతోందనో చెబుతాడు. జూలూరుపాడులో రోడ్డు పక్కనున్న మా షెడ్డుకు బోర్డు లేదు. అయినా అడవి వైపు ఊళ్ళ నుంచి జీపులు, ట్రాక్టర్లు వెతుక్కుంటూ వస్తాయంటే ఆ చెవి వల్లే.

నా పని కడగడం. ఇంజన్ విప్పాక భాగాలన్నీ నా దగ్గరికి వస్తాయి. కిరసనాయిలు తొట్టిలో నానబెట్టి, వైరు బ్రష్‌తో జిడ్డు గీకి, గోనెపట్టా మీద వరసగా ఆరబెడతాను. పెళ్ళై వచ్చిన కొత్తలో మొదలైన పని ఇది. అప్పుడు నాకు అక్షరం రాదు. యాభై దాటాక, బడి వరండాలో సాయంత్రంపూట ఆడవాళ్ళకు చదువు చెబుతుంటే వెళ్ళి తెలుగు నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం ఇనుము మీదే నేర్చుకున్నాను. ఇంజన్ల మీద కంపెనీ పేర్లు పోతపోసి ఉబ్బెత్తుగా ఉంటాయి. జిడ్డు వదిలేకొద్దీ ఒక్కో అక్షరం పైకి తేలుతుంది. మా అమ్మాయి మొదట్లో కొన్ని చెప్పింది, మిగతావి వేలితో తడుముకుంటూ నేనే గుర్తుపట్టాను. ఇప్పటికీ నాకు కాగితం మీది ఇంగ్లీషు కంటే ఇనుము మీది ఇంగ్లీషే తొందరగా వస్తుంది.

నేను చెప్పబోయే సంగతి అర్థం కావాలంటే ముందు టాపెట్ అంటే ఏమిటో చెప్పాలి. ఇంజన్ కూడా మనలాగే ఊపిరి తీసి వదులుతుంది. గాలీ పెట్రోలూ లోపలికి రావడానికి ఒక దారి, కాలిన పొగ బయటికి పోవడానికి ఒక దారి. ఆ దారులకు మూతలే వాల్వులు. పొడుగు కాడ ఉన్న పుట్టగొడుగుల్లా ఉంటాయి. వాటిని వేళకు తన్ని తెరిచేవి టాపెట్లు. బానెట్ ఎత్తితే వినిపించే టిక్ టిక్ ఆ తన్నులదే. సందు సరిగ్గా ఉంటే మెత్తగా కొట్టుకుంటాయి, ఎక్కువైతే గట్టిగా మోగుతాయి. మరీ బిగించేస్తే చప్పుడు ఉండదు గానీ వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. మా ఆయన పేరంతా ఆ టిక్ టిక్ వినడంలోనే ఉంది.

ఈ మధ్య కొన్నేళ్ళుగా ఆ చెవి మందగిస్తూ వచ్చింది. కుక్కర్ విజిల్ పక్కనే కూర్చున్నా వినపడేది కాదు. కొత్తగూడెంలో ల్యాబులో పనిచేసే మా అమ్మాయి వచ్చినప్పుడల్లా, ఖమ్మం దవాఖానాలో చెవి పరీక్ష చేయించుకుందాం రమ్మని బతిమాలేది. "నా చెవికేం కాలే. మీ అమ్మ సన్నగ మాట్లాడ్తది, అదీ రోగం" అనేవాడు. నేను సన్నగా మాట్లాడతానని మా వాడలో ఎవరికి చెప్పినా నవ్వుతారు.

నవ్వులాటగా ఉన్నది కాస్తా ఒక జీపుతో మారిపోయింది. అడవి ఊళ్ళకు మనుషులను చేరవేసే జీపు అది. దానికి టాపెట్లు సరిచేసి పంపాడు. కొన్నాళ్ళకే పొగలు కక్కుతూ తిరిగి వచ్చింది. మూత విప్పితే ఒక వాల్వు అంచు కాలి మాడిపోయి ఉంది. టిక్ టిక్ వినపడక, ఎక్కడ ఆపాలో తెలియక, ఇంకా ఇంకా బిగించాడన్నమాట. జీపు డ్రైవర్ తన ఖర్మ అనుకున్నాడు. మా ఆయన సొంత డబ్బుతో కొత్త వాల్వు వేసి, దగ్గరుండి నడిపించి పంపించాడు. ఆ పూట అన్నం ముందు కూర్చుని కలుపుతూ కలుపుతూ అన్నాడు.

"ఇంజన్ ఇనపడని నాడు నేను షట్టర్ దించుతనే. తెల్వక ఇంకొకరి బండి పాడుచేసుడు నాతోటి కాదు."

మా షెడ్డు జాగా మీద ఒకాయనకు ఎప్పటి నుంచో కన్ను. టైర్ల దుకాణం పెట్టుకుంటాను, కిరాయికి ఇవ్వమని అడుగుతూ ఉంటాడు. ఇన్నాళ్ళూ అతను ఆ మాట ఎత్తితే మా ఆయన తిట్టి పంపేవాడు. జీపు వచ్చి పోయాక తిట్టడం మానేసి, చూద్దాంలే అనడం మొదలుపెట్టాడు. షెడ్డు లేకపోతే తిండికి లోటేం ఉండదు. కానీ పొద్దున్నే లేచి ఈయన ఎక్కడికి వెళ్ళాలి? నేను ఏం కడగాలి?

అట్లాంటి రోజుల్లోనే ఆ కారు వచ్చింది.

వైరా అవతలి ఊళ్ళో ఒక మోతుబరి ఇల్లు. ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి భూములు కొని స్థిరపడ్డవాళ్ళు. ఆ ఇంటి పెద్దావిడ మామగారు కొన్న కారు. ఆయన పోయాక, పొగాకు ఆరబెట్టేందుకు కట్టి, వాడకం మానేసిన బ్యారన్‌లో పెట్టి తలుపు వేసేశారట. ఇప్పుడు ఆవిడ కొడుకులు బ్యారన్ కూలగొట్టి అక్కడ గోడౌన్ కట్టాలనుకున్నారు. కారు తుక్కుకు వేద్దామన్నారు. ఒక్కసారి నడిపించి చూశాక అప్పుడు చెప్పండి అని పెద్దావిడ పట్టుబట్టారు. అట్లా ట్రాక్టర్ ట్రాలీ ఎక్కి మా షెడ్డుకు చేరింది.

అది దిగుతుంటే టీ కొట్టు దగ్గరి వాళ్ళంతా వచ్చి చుట్టూ మూగారు. పెట్టెలాగా ఎత్తుగా, పెద్ద పెద్ద లైట్లతో, సైకిల్‌కు ఉన్నట్టు పుల్లలున్న చక్రాలతో ఉంది. బ్యారన్ పొడిగా ఉండటం వల్ల తుప్పు పెద్దగా పట్టలేదు. సీట్లు మాత్రం ఎలుకలు తినేశాయి. మా ఆయన చాలాసేపు దాని చుట్టూ తిరిగాడు. ఈ మధ్య ఆ మొహంలో అంత వెలుగు నేను చూడలేదు.

ప్లగ్గులు విప్పి ఆ రంధ్రాల్లోంచి నూనె పోసి నానబెట్టాడు. రోజూ కొద్దికొద్దిగా ముందు హ్యాండిల్ పట్టి తిప్పేవాడు. నేను కార్బురేటర్, పెట్రోలు గొట్టాలు కడిగాను. ఇంజన్ పైభాగం తోముతుంటే ఇంగ్లీషు అక్షరాలు తేలాయి. కూడబలుక్కుని చదివితే ఏదో విదేశీ పేరు. నాకూ తెలియదు, ఆయనకూ తెలియదు. ప్లగ్గులు మామూలు ఇంజన్లలో లాగా పక్కకు కాకుండా, ఒక్కో సిలిండర్ నెత్తిన సరిగ్గా నడిమధ్యన ఉన్నాయి. అది చూసి ఆయన హమ్ అని ఊరుకున్నాడు. బండి కిందికి దూరి మట్టి గీకుతుంటే ముందు ఇరుసుకు రాగి తీగతో కట్టిన చిన్న ఎద్దు గంట ఒకటి దొరికింది. పిల్లల పని అయి ఉంటుందనుకున్నాం. విప్పి కడిగి, నీళ్ళ డ్రమ్ము పక్కన మేకుకు తగిలించాను.

స్టార్ట్ చేసిన రోజు షెడ్డంతా నీలంగా పొగ కమ్మింది. టీ కొట్టాయన బకెట్‌తో నీళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. పొగ కొంచెం తేరుకున్నాక చూస్తే ముందు ఫ్యాను తిరుగుతోంది. వెనక గొట్టం బుస్ బుస్‌మని వదులుతోంది. బండి నడుస్తోంది. మా ఆయన నా వైపు చూసి నవ్వి, స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు.

ఇంజన్ మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి ఇంకో చోట ఆనించాడు. చెవి మార్చాడు. ఆ తర్వాత పిడిని పళ్ళ మధ్య కరుచుకుని విన్నాడు. చెవికి అందనిది ఎముకకు అందుతుందని మెకానిక్‌లు అట్లా చేస్తారు. ఆయన మొహంలో నవ్వు కొద్దికొద్దిగా ఇంకిపోయింది. ఇంజన్ ఆపేసి, పొగ ఎక్కువుంది, పిస్టన్ రింగులు పోయి ఆయిల్ కాలుతున్నట్టుంది అన్నాడు. అంతే. వెళ్ళి పాత టైరు మీద కూర్చున్నాడు.

నాకు ఫ్యాను గాలి వినపడింది, వెనక బుస్ వినపడింది. టిక్ టిక్ వినపడలేదు. అంత పెద్దవాళ్ళ కారు ఇట్లాగే ఉంటుందేమో అనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు. ఆయన ఏమనుకున్నాడో, కాసేపటికి ఫోన్ తీసి టైర్లాయనతో మాట్లాడుతుంటే గానీ నాకు తెలియలేదు. వచ్చే వారం వచ్చి జాగా చూసుకొమ్మని చెబుతున్నాడు.

దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నాకూ ఇంజన్ చప్పుడు వినపడలేదని చెప్పాను. ఆయన తల ఎత్తలేదు.

"నువ్వు నా మనసు కోసం అంటున్నవే."

"నీ మనసు కోసం నేనెన్నడన్న ఒక మాట అన్ననా?"

అది నిజమేనా అని కాస్త ఆలోచించినట్టే కనపడ్డాడు. కానీ నమ్మలేదు. నా చేత స్క్రూడ్రైవర్ పట్టించి వినమని అడగొచ్చు కదా అని ఇప్పుడు అనిపిస్తుంది. ఆయన అడగలేదు, నాకూ తోచలేదు. మా ఇంట్లో వినడం ఆయన పని, కడగడం నా పని. ఇన్నేళ్ళలో ఒకరి పని ఒకరం ముట్టుకోలేదు.

మర్నాడు, ఒప్పుకున్న పని కాబట్టి పూర్తి చేసి ఇచ్చేయాలని ఇంజన్ విప్పడానికి కూర్చున్నాడు. టాపెట్ల మూత కోసం వెతికాడు. పైన లేదు. పక్కన చూశాడు, అక్కడా లేదు. ఇంజన్ చుట్టూ తిరిగి వచ్చి మళ్ళీ తిరిగాడు. వాల్వులు లేని ఇంజన్ ఉంటుందా అని తనలో తను గొణుక్కుంటూ, పొగ గొట్టం విప్పి ఆ రంధ్రంలోకి టార్చి వేశాడు. నన్ను హ్యాండిల్ తిప్పమన్నాడు. నేను మెల్లగా తిప్పుతుంటే ఆయన ఒక్కసారి వెనక్కి జరిగాడు. లోపల సిలిండర్ గోడే కదులుతోందట.

సిలిండర్ అరిగిపోతే లోపల ఒక ఇనుప గొట్టం బిగించి వాడతారు. దాన్ని లైనర్ అంటారు. ఇంజన్‌ను తిప్పే పిస్టన్ దానిలో పైకీ కిందికీ ఆడాలి గానీ, అది తను కదలకూడదు. లైనర్ కదిలిందంటే ఊడిందని అర్థం. ఖమ్మంలో లేత్ మిషన్ వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి, గోడకు బెజ్జం వేసి పిన్ను కొట్టించి కదలకుండా చేస్తారు. మా దగ్గర ఎవరిని అడిగినా అదే చెబుతారు. మా ఆయనా అదే అనుకున్నాడు. ట్రాలీ వాడికి ఫోన్ చేసి, ఎల్లుండి ఖమ్మం పోదామని చెప్పాడు.

నేనూ చూస్తానన్నాను. ఈసారి ఆయన హ్యాండిల్ తిప్పితే నేను టార్చి వేసి చూశాను. గోడలో అడ్డంగా పొడుగాటి కిటికీ లాంటి సందు ఉంది. అది పైకి వస్తోంది. దాని వెనక ఇంకో గోడ, దానికీ ఒక కిటికీ. అది కిందికి దిగుతోంది. రెండు కిటికీలూ ఒకచోట కలిసినప్పుడు లోపలి పిస్టన్ కనపడింది. విడిపోగానే అంతా మూసుకుపోయింది. పక్క రంధ్రంలో చూశాను, అక్కడా అదే ఆట. కాకపోతే దీని తర్వాత అది. నాలుగు రంధ్రాల్లోనూ చూశాను.

"ఊడితే ఒక్కటి ఊడుతది" అన్నాను. "నాలుగూ మాట్లాడుకున్నట్టు ఒకదాని ఎనక ఒకటి ఊడుతయా?"

"పాత బండి. ఏమన్న ఐతది" అన్నాడు. అన్నాడే గానీ ఆ రోజంతా టార్చి వదల్లేదు. ట్రాలీని వద్దని కూడా చెప్పలేదు.

మరునాడు ఆ పెద్దావిడే ఆటోలో వచ్చారు. బండి పొగ కక్కిందని ఎవరో చెబితే ఉండబట్టలేక వచ్చారట. ఎనభై దాటిన మనిషి, చేతిలో కర్ర. కుర్చీ వేసి, డ్రమ్ములోంచి నీళ్ళు ముంచి ఇచ్చాను. గ్లాసు అందుకోబోతూ ఆవిడ మేకు వైపు చూసి ఆగిపోయారు. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. నీళ్ళు చీర మీద ఒలికాయి.

"ఇదింకా ఉందా! ఆ గంట కట్టింది నేనేనమ్మాయ్."

ఎందుకు కట్టారని అడిగాను.

"మా మామగారి బండికి చప్పుడుండేది కాదు. గేటు దాటి వసారా ముందు ఆగినా మాకు తెలిసేది కాదు. ముగ్గురు కోడళ్ళం వంటింట్లో ఆయన మీదే ఏవో చెప్పుకుంటూ ఉండేవాళ్ళం. చూస్తే గుమ్మంలో నిలబడి వింటుండేవారు. ముగ్గురిలో నేనే సన్నగా ఉండేదాన్ని. నేనే దూరి కట్టాను."

గంట మోగుతుంటే ఆ మామగారు ఇంజన్‌లో ఏదో పాడైందని చాలా రోజులు డ్రైవర్ చేత వెతికించారట. డ్రైవర్‌కు గంట మొదటి రోజే కనపడిందట. కానీ అతను రోజూ అన్నం తినేది కోడళ్ళ చేతి మీదుగానే కాబట్టి, అయ్యగారూ ఏమీ దొరకడం లేదు అంటూ గడిపేశాడట.

మా ఆయన పని ఆపి లేచి వచ్చాడు. ఆవిడ ముందు నేల మీద కూర్చుని, చెవి ముందుకు పెట్టి అడిగాడు.

"అమ్మగారూ, కొత్తల కూడ సప్పుడు లేకుండెనా?"

"కొత్తలో అసలే లేదు. ఉంటే నేనా బండి కిందికి ఎందుకు దూరతానయ్యా?"

పొగ సంగతి కూడా అడిగాడు. నీలి పొగ మొదటి నుంచీ ఉండేదని, పెట్రోలుతో పాటు ఇంజన్ ఆయిలూ బాగానే తాగేదని, బండి వెళ్ళిపోయిన చాలాసేపటికి కూడా వీధిలో ఆ వాసన ఉండేదని ఆవిడ చెప్పారు. మా ఆయన లేచి డ్రమ్ము దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. చేతులు శుభ్రంగానే ఉన్నాయి. అయినా సబ్బు పెట్టి మోచేతుల దాకా కడిగాడు. కొత్తలోనూ చప్పుడు లేదంటే ఆ గోడలు ఊడినవి కావు, టాపెట్ల పని చేసేవే అవి అన్నాడు. తర్వాత ట్రాలీ వాడికి ఫోన్ చేసి ఖమ్మం ప్రయాణం లేదని చెప్పాడు. ఒక్క రోజు ఆలస్యమై ఉంటే, పిన్నులు పడి ఆ గోడలు మళ్ళీ కదలకుండా పోయేవి. ఆ ఇంజన్‌కు ఇంకో గోడ ఎక్కడా దొరికేది కాదు.

పొగ గొట్టం బిగించి అప్పటికప్పుడే స్టార్ట్ చేశాడు. ఈసారి స్క్రూడ్రైవర్‌ను ఇంజన్ నెత్తి మీద కాకుండా ముందు భాగాన, కింద ఆనించాడు. ఆ గోడలను ఆడించే చైన్ ఏదో అక్కడ ఉందనీ, బరువుగా మెత్తగా తిరుగుతోందనీ, వినపడుతోందనీ కళ్ళు మూసుకునే చెప్పాడు. పెద్దావిడ తనకేమీ వినపడటం లేదన్నారు. నాకూ లేదన్నాను. ఈసారి నమ్మాడు.

ఆదివారం అమ్మాయి వచ్చింది. ఇంజన్ మీది పేరు నేను చదివి చెబితే ఫోన్‌లో వెతికింది. దాని కథంతా దొరికింది. వాల్వులకు బదులు ఒకదానిలో ఒకటి అమరిన రెండు గొట్టాలు, వాటికి కోసిన కిటికీలు. గొట్టాలు పైకీ కిందికీ ఆడుతుంటే కిటికీలు కలిసినప్పుడల్లా ఇంజన్ ఊపిరి తీసుకుంటుంది. తన్నేవి లేవు కాబట్టి చప్పుడు లేదు. గొట్టాల మధ్య నూనె ఆడాలి కాబట్టి పొగ తప్పదు. మామూలు ఇంజన్ మసి పడితే చెడుతుంది, ఇది కొంత మసి పడితే సందులు పూడి ఇంకా బాగా నడుస్తుందట. ఒకప్పుడు గొప్పవాళ్ళ కార్లలో ఇవే ఉండేవట.

విమానాలకూ పెట్టారట. కోసి లోపల చూపించిన ఒక విమానం ఇంజన్ వీడియో పెట్టింది. సిలిండర్లు పువ్వు రేకుల్లా చుట్టూ అమరి ఉన్నాయి. అందులో సిలిండర్‌కు ఒక్కటే గొట్టం. అది పైకీ కిందికీ ఆడటమే కాదు, కవ్వంలాగా కొంచెం అటూ కొంచెం ఇటూ తిరుగుతోంది. అన్ని కవ్వాలూ ఒకేసారి, ఒకదానికొకటి అడ్డం రాకుండా. నేను ఇంత అందమైన యంత్రం ఎప్పుడూ చూడలేదు. మా ఆయన మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ చూశాడు. చూసి, మామూలుగా అడిగాడు.

"దీనికి మాటలు పెట్టలేదా?"

వీడియోలో మొదటి నుంచీ ఒక ఆడమనిషి సన్నని గొంతుతో వివరిస్తూనే ఉంది. అమ్మాయి నా వైపు చూసింది. నేను చీర కొంగు సర్దుకున్నాను. ఆయన మా ఇద్దరి మొహాలూ చూసి, రేపు సెలవు దొరుకుతుందా అని అమ్మాయిని అడిగాడు. దేనికి నాయినా అంటే, "గదే, నువ్వు చెప్పే దవాఖానా. తీస్కపో" అన్నాడు.

అంతకాలం బతిమాలినా కదలనివాడు ఆ రోజు ఎందుకు ఒప్పుకున్నాడో నాకు తెలుసు. చెవి మొత్తం పోయిందని చెబుతారేమోనని భయపడ్డాడు ఇన్నాళ్ళూ. చైన్ వినపడ్డాక ఆ భయం పోయింది. ఎంత పోయిందో అడిగే ధైర్యం వచ్చింది.

ఖమ్మంలో ఆయన్ని ఒక చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నేను బయట నుంచి చూస్తున్నాను. అక్కడా కళ్ళు మూసుకున్నాడు. బరువు చప్పుళ్ళకు టకటకా నొక్కాడు. సన్నవి పెట్టినట్టున్నారు, వేలు గాలిలో ఆగిపోయి చాలాసేపు అట్లాగే ఉంది. పరీక్ష చేసినావిడ బయటికి వచ్చి, లావు చప్పుళ్ళు బాగానే వినపడుతున్నాయి, సన్న చప్పుళ్ళు పోయాయి, ఏళ్ళ తరబడి మోతలో పనిచేసేవాళ్ళకు ఇట్లాగే అవుతుంది, మళ్ళీ రావు అని చెప్పింది. చెవిలో పెట్టుకునే మిషన్ ఇచ్చారు. మాటలకు అది బాగా పనికొస్తుందట. టాపెట్ లాంటివాటికి అంతంతమాత్రమేనట.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చాలా దూరం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. మిషన్ చెవిలోనే ఉంది. వెనక సీట్లో ఎవరో కవర్ నలుపుతుంటే తిరిగి చూశాడు. పిల్ల ఏడిస్తే చూశాడు. వైరా దాటాక నా వైపు తిరిగాడు.

"సన్నయి నువ్వు ఇను. లావుయి నేను ఇంట."

"నాకేం తెలుసు, నేను కడిగేదాన్ని."

"నేర్పిస్త తియ్. అక్షరాలు నేర్వలేదా?"

టైర్లాయన అన్నట్టుగానే జాగా చూడటానికి టేపు తీసుకుని వచ్చాడు. అప్పటికి మా ఆయన ఆ కారుకు చివరి మెరుగులు పెడుతున్నాడు. టీ తాగించి, ఇంకో చోట చూసుకో తమ్ముడూ అని మర్యాదగానే పంపాడు. ఆ వారంలోనే కారును వైరా మీదుగా వాళ్ళ ఊరికి తీసుకెళ్ళాం. అందుకోసమే మళ్ళీ వచ్చిన పెద్దావిడ గోనెపట్టాలు పరిచిన వెనక సీట్లో, నేను ఆవిడ పక్కన. చెరువు కట్ట మీద వెళ్తుంటే మనుషులు మమ్మల్ని గమనించి పక్కకు జరగడానికి రెండు మూడు చోట్ల ఆగాల్సి వచ్చింది. హారన్ కొట్టవయ్యా అని ఆవిడ నవ్వుతూనే ఉన్నారు. కొడుకులు బ్యారన్ కూలగొట్టారు గానీ, కారుకు వసారా పక్కన రేకుల నీడ వేశారు. నెలకోసారి మేం వెళ్ళి నడిపించి వస్తున్నాం.

ఇప్పుడు పాత ఇంజన్ ఫోటో ఎక్కడ కనపడినా నేను మొదట నెత్తిన ప్లగ్గు ఎక్కడుందో చూస్తాను. తర్వాత టాపెట్ల మూత ఉందా అని చూస్తాను. నడిచే వీడియో అయితే వెనక పొగ రంగు చూస్తాను. అమ్మాయి పంపినవాటిలో కొన్నిటిని సరిగ్గానే గుర్తుపట్టాను. ఒకసారి మాత్రం నీలి పొగ చూసి తొందరపడి అదే అన్నాను. తీరా చూస్తే నిజంగానే రింగులు పోయిన మామూలు ఇంజన్. మా ఆయన రెండు రోజులు వెక్కిరించాడు.

వినడం నాకు ఇంకా పూర్తిగా రాలేదు. మొన్న ఒక నాలుగు చక్రాల ట్రాలీ ఆటో వచ్చింది, మూడు సిలిండర్లది. ఆయన కింద ఆనించి విని, లావు బేరింగులన్నీ బాగున్నాయని చెప్పి, పిడి నా చేతికిచ్చాడు. నేను కళ్ళు మూసుకున్నాను. మొదట్లో అంతా ఒకటే మోత. కాసేపు ఓపిక పడితే మోత అడుగున చిన్న టిక్ ఒకటి విడిగా తెలిసింది, బియ్యంలో రాయి పంటికి తగిలినట్టు. రెండో దాంట్లో కొడుతోంది అన్నాను. మూడోది అయి ఉంటుంది, మళ్ళీ విను అన్నాడు. విన్నాను, రెండోదే అన్నాను. వినపడనోడివి నీకెట్ల తెలుసు అని కూడా అన్నాను. ఆటో డ్రైవర్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

మూత విప్పితే మూడోది. పిడి పట్టిన చేతికి మూడో సిలిండర్ అదురు తెలిసిందట, అందుకే చెప్పానన్నాడు. సందు సరిచేసి మూత బిగించి, మళ్ళీ స్టార్ట్ చేసి, స్క్రూడ్రైవర్ నాకే ఇచ్చాడు. ఇప్పుడు మెత్తగా ఉందా అని అడిగాడు. ఉందన్నాను. ఇంకొంచెం బిగించనా అన్నాడు. వద్దు, చాలు అన్నాను. ఆయన పానా కింద పెట్టేశాడు.